ఏడో గట్టుకి మూడు రింగులు

1. శుక్ల విదియ, పొద్దున్న

రాతపెట్టె ముందు కూర్చున్నాను. నేను చెప్పింది చెప్పినట్టు రాసుకో. మధ్యలో నీ తెలివి కలిపావంటే తీసుకెళ్ళి ఉప్పునీళ్ళలో వేస్తాను.

నా పేరు కోరాడ అసిరితల్లి. తొమ్మిది గట్ల కంపెనీలో, మూడో గట్టు మీద టెలిఫోను గదిలో నలభై ఒక్క ఏళ్ళుగా కూర్చుంటున్నాను. అక్షరాలు రావు. అంకెలు పదీ వచ్చు, అవి డయలు మీద ఉంటాయి కాబట్టి. వయసు డెబ్భై రెండో డెబ్భై నాలుగో. సముద్రం మా ఊళ్ళ మీదికి వచ్చిన ఏడాది నా కాళ్ళకి పట్టీలుండేవి, అంతవరకే గుర్తు.

కంపెనీ కొత్త రూలు చదివి వినిపించారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే నోటితో అరిస్తే చెల్లదట. ఎవరి గదిలో వాళ్ళు రాతపెట్టెకి రోజువారీ చెప్పుకోవాలట. సభ కూర్చున్నప్పుడు వింటారట. నాకు అభ్యంతరం ఉంది. అందుకే మొదలుపెట్టాను.

మా గదిలోకి కొత్త ప్రోగ్రాం వచ్చింది. తెచ్చినవాడు తారకేష్, ఒకటో గట్టు హెడ్డాఫీసు మనిషి. నలభై దాటాయి, బక్కపలచన, మాట మెత్తన. ఎక్స్చేంజి డబ్బా తలుపు తీసి దాని ముందు మఠం వేసుకుని కూర్చున్నాడు.

"ఏం పెడుతున్నావు బాబూ అందులో?" అన్నాను.

"చవక దారి మామ్మగారూ. ఇకనుంచి ఏ కాల్ ఏ దారిన పోవాలో మీరు ఆలోచించక్కర్లేదు. అదే చూసుకుంటుంది."

"ఇన్నాళ్ళూ నేను చూసుకోలేదా?"

"చూసుకున్నారు. ఇప్పుడు తీరిగ్గా టీ తాగండి."

నేను టీ ఎప్పుడు తాగాలో కూడా ఇతనే చెప్తున్నాడు.

మా గదిలోంచి బయటికి నాలుగు దారులు. నీళ్ళ అడుగున తీగ. గట్ల మీద టవర్లు. తాడు కట్టి పైకి వదిలే బెలూను. ఆఖరిది చుక్క, ఆకాశంలో తిరిగేవాటిలో మిగిలిన ఒక్కటి, రోజుకి రెండుసార్లు మా నెత్తి మీదుగా పోతుంది. ఒక్కో దారి ఒక్కోలా బ్యాటరీ తాగుతుంది. ఉప్పునీళ్ళని మంచినీళ్ళు చేసే మిషన్ తిరిగేది కూడా ఆ బ్యాటరీ మీదే. ఎవరైనా ఖరీదైన దారిలో పావుగంట కబుర్లు చెప్పుకుంటే సాయంత్రానికి ఇంకెవరి బిందో వెలితి. కాబట్టి చవక దారి చూడాలని నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

కొత్తది ఎలా ఎంచుతుందో తారకేష్ చెప్పాడు. నొక్కిన నంబరు మొదటి అంకె చూస్తుందట. టైము చూస్తుందట. తన పట్టీలో ఆ రెండూ కలిసిన గడిలో ఏ దారి ఉంటే ఆ దారిన పంపుతుందట. అది ఖాళీ లేకపోతే రెండో దారి, అదీ లేకపోతే మూడోది. వినడానికి బాగానే ఉంది.

"ఏడో గట్టు వాడకం ఎంత మామ్మగారూ?" అన్నాడు రాసుకుంటూ.

అప్పుడు నాకు ఛాతీ పొంగింది. దాచను.

"ఏడో గట్టా? చిటికెడు కూడా లేదు. పదిహేనేళ్ళుగా నేను ఆ గట్టుతో ఒక్క మాట మాట్లాడింది లేదు. రాసుకో."

"ఒక్కటీ లేదా?"

"నా మాట నమ్మకపోతే నీ డబ్బానడుగు."

అడిగాడు. అదీ లేదనే చెప్పింది. వాడకం లేని గట్టని నొక్కుకున్నాడు.

మాట్లాడలేదంటే పలకరించలేదని కాదు. ఏడో గట్టు అందరికంటే చివర. అక్కడ పదకొండు మంది, ఒక ఇనుప తలుపు. పోటు రాకముందే ఆ తలుపు దించాలి. మరీ ముందు దించితే లోపలి కాలవ నీళ్ళు పోయే దారి లేక ఇళ్ళలోకి ఎక్కుతాయి. ఆలస్యమైతే నీటి తోపుకి తలుపు దిగదు. పోటు ఎప్పుడొస్తుందో వాళ్ళకి కనబడదు, నాకు కనబడుతుంది. నా కిటికీకి ఎదురుగా సముద్రంలో కొలత గడ ఉంది. నీళ్ళు దాని ఎర్ర పట్టీని తాకాయంటే ఏడో గట్టుకి పావుగంట టైము.

వాళ్ళ బ్యాటరీ చిన్నది. తలుపు దించే మోటారు, ఫోను రెండూ దాని మీదే. ఎత్తి నాలుగు మాటలు మాట్లాడితే తలుపు సగంలో ఆగిపోతుంది. అందుకని వాళ్ళకి నేనే నేర్పాను. ఫోను ఎత్తకండి, వినండి చాలు. ఒక రింగు అంటే అంతా బాగే. రెండంటే పడవ పంపుతున్నాను. మూడంటే తలుపు దించండి. విన్నామన్న గుర్తుకి అన్నే తిరిగి ఇవ్వండి. పొద్దున్న ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఖర్చు సున్నా.

నా అభ్యంతరం ఒక్కటే. నా దారి నేనెంచుకోగలను. ఈ రోజుకి అంతే.

2. చవితి, మధ్యాహ్నం

కొత్త ప్రోగ్రాం ఈ పొద్దున్నే నడవడం మొదలైంది. మధ్యాహ్నానికి సూరీడమ్మ పడవేసుకుని వచ్చింది. నా ఆడపడుచు, ఏడో గట్టు తలుపు చూసేది ఈవిడే. నడుం దాకా బురద. గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"ఏటొదినా, నీకు మతి గాని పోయిందేటి?"

"నేనేటి చేశాను?"

"మూడు రింగులిచ్చావు. తలుపు దించేశాం. దించి చూస్తే సముద్రం ఎక్కడో ఉంది, పీతలు ఎండలో షికారు తిరుగుతున్నాయి. కాలవ నీళ్ళు ఇళ్ళలోకొచ్చేశాయి, మోకాలి లోతు. బియ్యం డబ్బా తేలిపోయింది. మీ తమ్ముడు మంచం మీద నిద్రలో తెడ్డడిగాడు, పడవలో ఉన్నాననుకుని."

మీ తమ్ముడంటే వాళ్ళాయనే. నాకు వరసకి తమ్ముడు. మొదట్నించీ అంతే.

"నేనిచ్చింది ఒక్కటే," అన్నాను.

"మూడు."

"ఒకటి."

"నా చెవులు నా చెవులే ఒదినా. ఒకటి మోగింది. కాసేపాగి ఇంకొకటి. కాసేపాగి ఇంకొకటి. పదకొండు మందిమీ విన్నాం. నీ తమ్ముడు తప్ప."

మూలన కూర్చున్న తారకేష్ లేచి డబ్బా దగ్గరికెళ్ళాడు. తెర మీద ఏదో వెతికాడు. మెడ గోక్కున్నాడు.

"మామ్మగారూ, మీరు ఒక రింగు ఇచ్చి పెట్టేశారు కదా. మీరు పెట్టేసినా ఇది వదలదు. అవతల ఎత్తలేదని టవరు దారిలో మళ్ళీ మోగించింది. అప్పటికీ ఎత్తలేదని బెలూను దారిలో మోగించింది. ఎత్తితే మీకు కలుపుదామని. దాని ఉద్దేశం మంచిదే."

"ఉద్దేశం మంచిదైతే వెళ్ళి వాళ్ళింట్లో బురద తోడమను."

సూరీడమ్మ అప్పుడు అతన్ని కిందనించి పైకి చూసింది. "ఎవరొదినా ఈయన?"

"కొత్త దారులేసేవాడు."

"బాబూ, మా ఇంటిదాకా ఒక్క దారి చాలు. మూడెందుకు? ముగ్గురు అల్లుళ్ళేం లేరు నాకు."

అతనికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. అప్పుడు మా రింగుల సంగతంతా విడమరిచి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. తల గోడకి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"అయితే మీరు మొన్న వాడకం లేదన్నది..."

"మాట్లాడింది లేదన్నాను. లేదు కదా?"

పట్టీలో ఏడుతో మొదలయ్యే నంబరుకి తీగ ఒక్కటే దారి, రెండోది లేదు అని మార్చాడు. ఒక రింగిచ్చాను. ఏడో గట్టు నుంచి ఒకటే తిరిగొచ్చింది. సూరీడమ్మ నా దగ్గర మూడు శేర్ల బియ్యం, పొడి చీర తీసుకుని వెళ్ళింది.

సాయంత్రం పట్టీకి సభ సీలు వేసిందని కబురొచ్చింది. ఇక మారిస్తే సభ ఒప్పుకుని మార్చాలి. సభ కూర్చునేది పున్నమి వెళ్ళాక.

3. నవమి, పొద్దున్న

పొద్దున్న రింగిచ్చాను. ఏడో గట్టు తిరిగివ్వలేదు.

మళ్ళీ ఇచ్చాను. ఈసారి నా చెవికి తేడా తగిలింది. నీళ్ళ అడుగు తీగ మీద అవతల మోగుతుంటే ఆ మోత వెనకాల చిన్న గురక ఉంటుంది, తడిగుడ్డ నేల మీద ఈడ్చినట్టు. టవరైతే గాలి కోత. బెలూనైతే మోత ఊగుతుంది. ఇవేవీ లేవు. కడిగిన గిన్నెలా శుభ్రంగా మోగుతోంది. మోత నా చెవిదాకానే ఉంది, అవతలికి పోవడం లేదు.

తారకేష్‌ని పిలిచి రిసీవరు చేతిలో పెట్టాను.

"మోగుతోంది కదా మామ్మగారూ," అన్నాడు.

"ఎక్కడ మోగుతోంది?"

"అవతల."

"అవతల మోగితే గురక ఏది?"

అతనికి అర్థం కాలేదు. అయినా డబ్బాని అడిగాడు. ఈసారి చాలాసేపు చూశాడు. పదిసార్లు వరసగా ఎవరూ ఎత్తని నంబరుని ఈ ప్రోగ్రాం దండగ నంబరు కింద ఒక జాబితాలో వేసుకుంటుందట. ఆపైన ఆ నంబరుకి మనం ఎంత నొక్కినా పంపదు. బెలూను దిగాక, అందరూ పడుకున్నాక, తీరిక చూసుకుని పంపుతుంది, ఆ పదోదాన్ని కూడా మళ్ళీ. ఈలోగా మనం చిన్నబుచ్చుకోకుండా మన చెవిలో ఉత్త మోత మోగిస్తుంది.

రోజుకి రెండు. చవితినాడు పట్టీ మార్చాక ఇచ్చినదాన్నుంచి లెక్కేస్తే నిన్నటికి పది నిండాయి. మా పొదుపే మమ్మల్ని చచ్చినవాళ్ళ జాబితాలో వేసింది. ఆ పొదుపు నేర్పింది నేను.

ఇంతలో నా గంట మోగింది. ఏడో గట్టు దీపం. ఒక్కటితో ఆగలేదు. మోగుతూనే ఉంది. ఎత్తాను. పదిహేనేళ్ళ తర్వాత ఆ తీగ మీద మొదటి మాట.

"బతికే ఉన్నావా ఒదినా?"

"ఉన్నాను. పెట్టెయ్యవే, బ్యాటరీ!"

"రింగు రాకపోతే నువ్వు పోయావనుకున్నాం. నీ తమ్ముడు ఏడుస్తున్నాడు."

"ఏడవద్దను. పెట్టెయ్."

"అర్ధరాత్రి ఒకటి మోగిందేటి మరి?"

"అది నేను కాదు. పెట్టెయ్ సూరీడూ, తలుపు దిగదు!"

పెట్టేసింది. పున్నమికి ఆరు రోజులు.

4. దశమి, పొద్దున్న

మేనేజరు సీతారత్నం గారి గదికి వెళ్ళాను. తారకేష్ నా వెనకాలే వచ్చాడు, పిలవకుండానే.

మేనేజరమ్మ మంచి మనిషే. నీళ్ళ మిషన్ ఆగిన ఏడాది తన బిందె మా గదికి పంపింది. అది మర్చిపోను. కానీ నిన్నటిదాకా బిందెలు లెక్కపెట్టుకున్న మనిషికి అన్నీ బిందెలే కనబడతాయి.

"అసిరితల్లి గారూ, కూర్చోండి. కొత్త ప్రోగ్రాం వచ్చాక రోజుకి పద్దెనిమిది బిందెలు ఎక్కువ దిగుతున్నాయి. తెలుసా?"

"సంతోషం. ఏడో గట్టుని ఆ జాబితాలోంచి తీయించండి."

"సీలు వేసింది సభ. నేనొక్కదాన్నీ తీయలేను. పున్నమి వెళ్ళాక సభ ముందు పెడదాం."

"పోటు పున్నమికి వస్తుందమ్మా, వెళ్ళాక రాదు."

"పోటు పట్టిక అచ్చువేసి ప్రతి గట్టుకీ ఇచ్చాం కదా. గంట చూసుకుని దించుకోమనండి."

"సముద్రం ఆ పట్టిక చదివి రాదు. పోయిన పున్నమికి అరగంట ముందొచ్చింది. అంతకుముందు గంట ఆలస్యం. మీ పట్టిక ఒక్కనాడైనా దాని మాట విందా?"

ఆవిడ తారకేష్ వైపు చూసింది. అతను అన్నాడు, "తప్పు ప్రోగ్రాంలో ఉంది మేడం. ఎత్తని కాల్ అంటే విఫలమైన కాల్ అని అది అనుకుంటోంది. వీళ్ళకి అది కాదు."

"చవితినాడు సీలుకి ముందు మీరు అడక్కుండా పట్టీ మార్చారు. దానికే మెమో ఇవ్వాల్సి వచ్చింది. ఇంకొకటి కావాలా?"

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. ఇంట్లో ఇద్దరు పిల్లలున్నారు, నేను తప్పుపట్టను.

అప్పుడు మేనేజరమ్మ రాతపెట్టె మీట నొక్కింది. విదియనాటి నా గొంతు. "ఏడో గట్టా? చిటికెడు కూడా లేదు. రాసుకో." ఎంత మురిసిపోతూ చెప్పానో నాకే వినబడింది. గదిలో ముగ్గురం ఉన్నాం, ముగ్గురం విన్నాం.

"మీరే చెప్పారు కదా అసిరితల్లి గారూ."

"చెప్పాను. ఆ గొంతు నాదే. గొప్పకి పోయి చెప్పాను. నా గొప్పకి నన్ను నిలబెట్టండి, పదకొండు మందిని కాదు."

"సభలో చెప్పండి," అంది. లేచి గుమ్మం దాకా వచ్చింది సాగనంపడానికి. మర్యాదకేం తక్కువ లేదు.

5. త్రయోదశి, సాయంత్రం

ఇది జాగ్రత్తగా రాసుకో పెట్టే. సభ నా దగ్గరికి రాకముందే నేనే సభకి చెప్తున్నాను.

మూడు రోజులుగా తారకేష్‌కి టీ పెడుతున్నాను. బెల్లం టీ. తాగుతూ మాట్లాడతాడు. నేను అడుగుతాను. పట్టీ ఎలా తెరుస్తారు? పాస్‌వర్డు నొక్కి. ఎక్కడ్నించి? డబ్బా పక్కనున్న మెయింటెనెన్సు ఫోను నుంచి. జాబితాలోంచి నంబరు తీయాలంటే? మూడు, ఆరు, ఆపైన ఆ నంబరు మొదటి అంకె. ఎత్తకపోయినా లెక్కపెట్టొద్దని చెప్పాలంటే? మూడు, ఎనిమిది, మళ్ళీ అంకె. తప్పు నొక్కితే రెండు పొట్టి కూతలు, ఒప్పుకుంటే ఒక పొడుగు కూత.

"పాస్‌వర్డు మాత్రం అడక్కండి మామ్మగారూ," అన్నాడు.

"నేనెందుకడుగుతాను?"

అడగలేదు. అతను రోజూ పొద్దున్న ఆ ఫోను లౌడుస్పీకరు మీద పెట్టే నొక్కుతాడు. ఏడంకెలు. ఒక్కో బొత్తానికి ఒక్కో స్వరం. తెర మీద చుక్కలే పడుతున్నాయి కాబట్టి అంకెలు ఎవరికీ తెలియవనుకుంటాడు. నేను నలభై ఒక్క ఏళ్ళుగా ఆ పది స్వరాలూ వింటున్నదాన్ని. చదవడం రాకపోతే వినడం కూడా రాదా? మూడు రోజులు విన్నాను. వచ్చేసింది.

సూరీడమ్మ వాళ్ళకి పడవలో కబురంపాను. పున్నమినాడు ఒక్కరు ఫోను దగ్గర్నించి కదలొద్దని. మూడు మోగితే దించండి, మోగకపోతే పట్టిక చూసి దించండి, దేవుడున్నాడని.

పున్నమినాడు సీలు వేసిన పట్టీని నేను తెరుస్తాను. దొంగచాటుగా చేసి దొరికిపోయేదాన్ని కాదు, చెప్పి మరీ చేస్తున్నదాన్ని. తారకేష్‌కి తెలియదు. అతనికి టీ తప్ప నేనేం ఇవ్వలేదు. అతను నాకేం ఇవ్వలేదు.

6. పున్నమి, సాయంత్రం

పట్టిక ప్రకారం పోటు నాలుగింటికి. రెండున్నరకే కొలత గడ ఎర్ర పట్టీ తడిసింది. గంటన్నర ముందు.

మెయింటెనెన్సు ఫోను ముందు కూర్చున్నాను. నొక్కాను. రెండు పొట్టి కూతలు.

మళ్ళీ నొక్కాను, నెమ్మదిగా, ఒక్కో స్వరం లోపల అనుకుంటూ. రెండు పొట్టి కూతలు. తారకేష్ చెప్పాడు, మూడోసారి తప్పితే డబ్బా రేపటిదాకా మూసుకుంటుందని.

కిటికీలోంచి చూశాను. ఎర్ర పట్టీ మునిగిపోయింది.

స్వరాలు తప్పలేదు. తప్పుంటే నాకు తెలుస్తుంది. మరి? కళ్ళు మూసుకుని నేను నొక్కిందే మళ్ళీ చెవిలో విన్నాను. ఏడు కాదు, ఎనిమిది. మొదట ఒకటి ఎక్కువ ఉంది. తొమ్మిది.

బయటికి ఏ కాల్ చెయ్యాలన్నా ముందు తొమ్మిది నొక్కాలి. నలభై ఒక్క ఏళ్ళుగా, ఫోను ముట్టుకుంటే చాలు, నా కుడి చూపుడువేలు తనంతట తనే తొమ్మిది నొక్కేస్తుంది. నన్నడగదు. ఇందాక రెండుసార్లూ నొక్కింది.

ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని దాని మీద కూర్చున్నంత పని చేశాను. ఎడమచేత్తో నొక్కాను. ఆ చేతికి ఏ అలవాటూ లేదు.

ఒక పొడుగు కూత.

మూడు, ఆరు, ఏడు. జాబితాలోంచి ఏడో గట్టు బయటికి. పొడుగు కూత. మూడు, ఎనిమిది, ఏడు. ఎత్తకపోయినా లెక్కపెట్టొద్దు. పొడుగు కూత.

నా కుర్చీలోకి వచ్చి ఏడో గట్టు నొక్కాను. గణగణమని రద్దీ చప్పుడు. తీగ మీద ఎవరో మాట్లాడుతున్నారు. దీపం చూశాను. మేనేజరమ్మ, ఒకటో గట్టుతో. ఏడో గట్టుకి తీగ ఒక్కటే దారి. ఆవిడ మాట తెంపాను. చెప్పి తెంపే టైము లేదు. తెంపేశాను.

ఒక రింగు. గురక వినబడింది. ఇంత అందమైన గురక నేను నా పెళ్ళయ్యాక వినలేదు. రెండు. మూడు. పెట్టేశాను.

గోడ గడియారం కొట్టుకుంటోంది. ఆ గడియారాన్ని పీకి అవతల పారేద్దామనిపించింది.

ఏడో గట్టు దీపం వెలిగింది. ఒకటి. ఆగింది. రెండు. ఆగింది. నా చెయ్యి రిసీవరు మీదికి పోతోంది, పట్టి లాక్కున్నాను. మూడు. ఆరిపోయింది.

విన్నారు. తలుపు దిగుతోంది.

వెనక్కి తిరిగితే గుమ్మంలో తారకేష్ నిలబడి ఉన్నాడు. ఎప్పట్నించి ఉన్నాడో. అతని వెనకాల మెట్లమీద మేనేజరమ్మ అడుగుల చప్పుడు.

"నా పాస్‌వర్డు," అన్నాడు.

"నీ వేళ్ళు చాలా బిగ్గరగా మాట్లాడతాయి బాబూ," అన్నాను.

7. బహుళ విదియ, సాయంత్రం

పొద్దున్న సభ కూర్చుంది. అయిదుగురు, మధ్యలో సీతారత్నం గారు. ముందు నా రోజువారీ మాటలన్నీ వినిపించారు. మొదటినించి చివరిదాకా. టీ సంగతి వచ్చినప్పుడు తారకేష్ నేల చూపులు చూశాడు. గురక సంగతి వచ్చినప్పుడు ఒక మెంబరు దగ్గాడు.

"సీలు తీశారు. ఇంకొకరి పాస్‌వర్డు వాడారు. నడుస్తున్న కాల్ తెంపారు. ఒప్పుకుంటారా?" అన్నారు సీతారత్నం గారు.

"మూడూ ఒప్పుకుంటాను. నాలుగోది మీరు చదవలేదు. విదియనాడు గొప్పకి పోయి వాడకం లేదన్నాను. అది మొదటి తప్పు. మిగతా మూడూ దాన్ని కడుక్కోవడానికి చేసినవి."

"గంటన్నర ముందొచ్చింది పోటు," అన్నారు ఆవిడ. అచ్చువేసిన పట్టిక ఆవిడ ముందే ఉంది. దాని మీద చెయ్యి పెట్టి ఉంచారు, కనబడకుండా. "ఏడో గట్టులో పదకొండు మందీ బాగున్నారు."

"బాగున్నారు. నా తమ్ముడు ఈసారి మేలుకునే ఉన్నాట్ట."

తారకేష్ లేచి నిలబడ్డాడు.

"ఒక మాట. నేను పద్నాలుగేళ్ళుగా ఈ పట్టీలు రాస్తున్నాను. ఎత్తిన కాల్‌కి ఖర్చు రాస్తాను, ఎత్తని కాల్‌కి వైఫల్యం రాస్తాను. మూడో గడి లేదు. మామ్మగారు పెట్టింది ఆ మూడో గడి. అది పెట్టినందుకు ఒక్క బిందె కూడా తగ్గలేదు, నేను చూశాను. మెమో ఇస్తే ఇవ్వండి."

"కూర్చోండి తారకేష్ గారూ," అన్నారు ఆవిడ. "అసిరితల్లి గారూ, మీకేం కావాలి?"

"ఏడో గట్టు ఏ జాబితాలోకీ పోకూడదు. తీగ మీద వాళ్ళకి ముందు దారి ఉండాలి, మీరు మాట్లాడుతున్నా సరే. ఎత్తని రింగుని చెడిపోయిన రింగని ఏ మిషనూ అనకూడదు. ఇవి పట్టీలో రాసి అప్పుడు సీలు వెయ్యండి. నా కుర్చీ ఉంచుతారో తీస్తారో మీ ఇష్టం. తీసేస్తే వచ్చేవాళ్ళకి గురక వినడం నేను నేర్పి పోతాను."

అప్పుడే సభ బల్ల మీద ఫోను మోగింది.

పొద్దుటి రింగు టైము అది. నేనివ్వకపోయేసరికి వాళ్ళే ముందు ఇచ్చారు. నేను సభలో ఉంటే ఏడో గట్టు రింగు ఎవరు వింటారని నిన్న తారకేష్‌ని అడిగాను. కాల్ నా వెంట వచ్చేలా పెట్టినట్టున్నాడు.

సీతారత్నం గారి చెయ్యి రిసీవరు మీదికి పోయింది. అలవాటు. నా వేలికి తొమ్మిది ఉన్నట్టు.

"ఎత్తకండి," అన్నాను.

చెయ్యి గాల్లో ఆగింది.

ఒక్క రింగు. ఆగిపోయింది. ఇంకోటి వస్తుందేమోనని అయిదుగురూ ఫోను వైపే చూస్తూ కూర్చున్నారు. రాలేదు.

"అంటే?" అన్నారు ఆవిడ, చిన్నగా.

"అంతా బాగే అని. మనం తిరిగివ్వాలి. ఇవ్వకపోతే ఏడుస్తారు."

లేవబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, ఫోను తన ముందుకి జరుపుకున్నారు. తొమ్మిది నొక్కారు, ఏడో గట్టు నొక్కారు. చెవికి ఆనించుకుని, కళ్ళు చిట్లించి వింటున్నారు. వెనకాల గురక కోసం వెతుకుతున్నారని నాకు తెలుసు. దొరికినప్పుడు ముఖం మారింది.

"ఎన్ని?" అన్నారు.

"ఒకటే. చాలు, పెట్టెయ్యండి."

పెట్టేశారు.

నా కుర్చీ సంగతి రేపు చెప్తారట. చెప్పనీ. సాయంత్రం రింగు టైము కావస్తోంది, నేను కిటికీ దగ్గరికి పోవాలి.